వీధి దీపాల దివాన్ మీర్జా ఇస్మాయిల్

మాంద్యం రోజుల్లో చిన్న ఊళ్ల మోరీలు, కొళాయిలు, దీపాల గురించి ఆలోచించిన పాలకుడు... ఊరి పెత్తనం మాత్రం ఊరికి వదలడానికి వెనకాడిన పాలకుడు

బెంగళూరు నుంచి జోలార్‌పేట వైపు వెళ్లే ప్యాసింజరు రైలు మాలూరు దాటాక టేకల్‌లో ఆగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్ల గుట్టలు, వాటి కింద రాగి చేలు, మధ్యలో చిన్న స్టేషను. ఇంకొంచెం ముందుకు పోతే బంగారుపేట. అప్పట్లో దాని పేరు బౌరింగ్‌పేట. అక్కడి నుంచి 1894లో వేసిన లైను బంగారు గనులకు పోతుంది. 1913లో వచ్చిన చిన్న రైలు కోలారుకు పోయేది.

1930ల మొదట్లో ఇంత కొద్ది దూరంలోనే రెండు లోకాలు ఉండేవి. టేకల్ చుట్టుపక్కల రైతు పండించిన గింజకు ధర లేదు. 1929 తర్వాత మూడు నాలుగేళ్లలో ధాన్యం ధరలు దక్షిణాదిలో దాదాపు సగానికి పడిపోయాయి. గనుల్లో మాత్రం తవ్వి తీసే లోహం ధర ఏటేటా ఎక్కుతూ వచ్చింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌండుకు బంగారంతో ఉన్న లంకె తెంచేసింది. అంతకుముందు తులం 21 రూపాయల చిల్లర ఉన్న బంగారం 1930ల మధ్యకు వచ్చేసరికి 35 రూపాయల దాకా పోయింది. దేశమంతటా ఆడవాళ్ల ఒంటి మీది నగలు కందాయానికీ, అప్పుల వడ్డీలకూ కరిగిపోయి ఓడలెక్కాయి.

ఒక పక్క ఎండిన సంత, ఇంకో పక్క మెరిసే గని. ఈ రెండింటికీ ఆ రోజుల్లో పెద్ద దిక్కు ఒక్కరే. ఆయనే మైసూరు దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్. ఆనకట్టలూ కర్మాగారాలూ అనగానే ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్య గుర్తొస్తారు. వీధి దీపం, కొళాయి, మోరీ, పార్కు అంటే గుర్తు చేసుకోవలసింది మీర్జానే.

గుర్రాల వ్యాపారి మనవడు

మీర్జా ఇస్మాయిల్ 1883 అక్టోబరు 24న బెంగళూరులో పుట్టారు. తాత అలీ అస్కర్ పర్షియాలోని షీరాజ్ నుంచి గుర్రాల వ్యాపారం మీద వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారు. ఆయన పేరుతో అలీ అస్కర్ రోడ్డు నేటికీ ఉంది. మీర్జా చిన్నతనంలోనే మైసూరు యువరాజు కృష్ణరాజ ఒడెయరుతో కలిసి చదువుకున్నారు. ఆ స్నేహం తర్వాత ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది.

1905లో బెంగళూరు సెంట్రల్ కాలేజీలో బి.ఎ. పూర్తి చేసి, పోలీసు శాఖలో అసిస్టెంట్ సూపరింటెండెంటుగా చేరారు. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. మహారాజు ఆయన్ని ప్యాలెస్ కొలువుకు పిలిపించుకున్నారు. 1920ల మొదట్లో ప్రైవేట్ సెక్రటరీ అయ్యారు. 1926 మేలో దివాన్ పదవి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 42. ఆ తర్వాత 15 ఏళ్ల పాటు మైసూరు సంస్థానం పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

అప్పటి కోలారు జిల్లా ఇప్పటిలా చిన్నది కాదు. చిక్కబళ్లాపురం, చింతామణి, శిడ్లఘట్ట, గౌరీబిదనూరు, బాగేపల్లి, గుడిబండ అన్నీ అందులోనివే. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా వేరుపడే దాకా అదంతా ఒకే జిల్లా. అటు అనంతపురం, ఇటు చిత్తూరు సరిహద్దులుగా ఉన్న ఈ జిల్లాలో కచేరీ కాగితం కన్నడలో నడిచినా సంతలో బేరం చాలా చోట్ల తెలుగులోనే సాగేది.

బోర్డు అంటే ఏమిటి?

మీర్జా దివాన్ అయిన 1926లోనే మైసూరులో గ్రామ పంచాయితీలకూ, జిల్లా బోర్డులకూ కొత్త చట్టాలు వచ్చాయి. టేకల్ లాంటి ఊళ్లకు పంచాయితీ పద్ధతి, మాలూరు లాంటి తాలూకా కేంద్రాలకు మునిసిపాలిటీ. సభ్యుల్లో కొందరు ఎన్నికైనవాళ్లు, కొందరు సర్కారు నియమించినవాళ్లు. ఓటు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్లకే. పైన అమల్దారు కన్ను, ఆ పైన డిప్యూటీ కమిషనరు కన్ను.

ఇక పనుల సంగతి. ఇప్పటి కౌన్సిల్ సమావేశాల్లా మైకులూ, గొడవలూ లేవు గానీ, పని మాత్రం ఇప్పటి పనే. కిరోసిన్ దీపాలు వెలిగించే మనిషికి జీతం, దీపాలకు చిమ్నీ గ్లాసులు, మోరీ మీద రాతి పలకలు, వీధులు ఊడ్చేవాళ్ల కూలి, మంచినీళ్ల బావిలో మందు కలపడం, మశూచి టీకాలు, ప్లేగు వస్తే ఊరు ఖాళీ చేయించి గుడిసెలు వేయించడం. ఆదాయం వైపు చూస్తే ఇంటి పన్ను, మోహతర్ఫా అనే పాత వృత్తిపన్ను, సంత రుసుము, బందెలదొడ్డి జరిమానా, లైసెన్సు ఫీజులు. అంతే.

ఈ లెక్కంతా సంత మీద ఆధారపడి ఉండేది. సంత రుసుము వసూలు చేసుకునే హక్కును బోర్డు ఏడాదికోసారి వేలం వేస్తుంది. రైతు చేతిలో డబ్బుంటే సంత నిండుతుంది. సంత నిండితే పాటగాడు ధైర్యంగా పాడతాడు. ధరలు పడినప్పుడు ఈ గొలుసంతా తిరగబడింది. ఎడ్లు, గొర్రెలు అమ్మకానికి వచ్చినా కొనేవాడు లేడు. పాటగాడు వెనక్కి తగ్గుతాడు. ఇంటి పన్ను బకాయి పడుతుంది. ఇల్లు జప్తు చేయాలంటే ఆ ఇల్లు పక్క వీధిలోని బంధువుదే. బోర్డు సభ్యుడికి అంతకంటే చిక్కు ఇంకోటి లేదు.

కోలారు జిల్లాకు మరో దెబ్బ పట్టు రూపంలో తగిలింది. శిడ్లఘట్ట, చింతామణి వైపు మల్బరీ తోటలు పెట్టి, పురుగులు మేపి, గూళ్లు అమ్ముకునే ఇళ్లు ఎన్నో. జపాన్, చైనా నుంచి చవక పట్టు, దానికి తోడు కృత్రిమ పట్టు వచ్చిపడటంతో గూడు ధర కుప్పకూలింది. మైసూరు నుంచి మొర గట్టిగా వినిపించడంతో 1933లో టారిఫ్ బోర్డు పట్టు పరిశ్రమ మీద విచారణ చేసింది. 1934లో దిగుమతి పట్టుపై రక్షణ సుంకం వేశారు. అప్పటికే చాలామంది మల్బరీ పీకేసి రాగి వేసుకున్నారు.

పొద్దున్నే వీధిలో దివాన్

ఇలాంటి కాలంలో ఏ పాలకుడైనా మొదట కత్తెర వేసేది ఊరి పనుల మీదే. దీపం ఈ ఏడు వద్దు, మోరీ వచ్చే ఏడు చూద్దాం అంటారు. మీర్జా ఆలోచన వేరుగా ఉండేది. ఊరు శుభ్రంగా, అందంగా ఉండటం డబ్బున్నవాళ్ల విలాసం కాదని ఆయన నమ్మకం. మురికి కూడా ఒక ఖర్చేనని, దాన్ని జనం జ్వరాలతో, చావులతో కడుతున్నారని ఆయన లెక్క.

బెంగళూరులో పొద్దున్నే బయల్దేరి వీధులు చూసుకుంటూ తిరగడం ఆయనకు అలవాటు. ఎక్కడ చెత్త ఉంది, ఏ చెట్టు ఎండిపోతోంది, ఏ గోడకు సున్నం లేదు అని కంటబడినదల్లా సంబంధిత అధికారికి చేరేది. జిల్లా పర్యటనకు వెళ్లినా ఇదే వరస. ఆస్పత్రి చూడటం, బడి చూడటం, మునిసిపాలిటీ వాళ్లతో కూర్చోవడం, అర్జీలు తీసుకోవడం. దివాన్ వస్తున్నారంటే ఊళ్లో మోరీలు ముందే కడిగేవాళ్లంటే ఆశ్చర్యం లేదు.

లాల్‌బాగ్‌ను తీర్చిదిద్దిన జర్మన్ నిపుణుడు క్రుంబీగల్ సలహాలు ఆయనకు అందుబాటులో ఉండేవి. కన్నంబాడి ఆనకట్ట కింద బృందావన్ తోట ఆయన కాలంలో వెలిసిందే. బెంగళూరు పురభవనానికి 1933 మార్చిలో శంకుస్థాపన జరిగి, 1935 సెప్టెంబరులో తలుపులు తెరుచుకున్నాయి. మాంద్యం మధ్యలోనే ఆ పెద్ద భవనం లేచింది. బెంగళూరు దాహం తీర్చడానికి తిప్పగొండనహళ్లి దగ్గర అర్కావతి మీద కట్టిన జలాశయం కూడా 1933 నాటిదే. అదే ఏడు పట్టణ మునిసిపాలిటీల చట్టాన్నీ తిరగరాశారు.

చిన్న ఊళ్లకు అంత భాగ్యం లేదు. కానీ 1930ల్లో శివనసముద్రం కరెంటు ఒక్కో పట్టణం చొప్పున పాకుతూ వచ్చింది. కిరోసిన్ దీపం పోయి కరెంటు బల్బు వస్తే బోర్డు లెక్కే మారుతుంది. నూనె దొంగతనం లేదు, వర్షానికి ఆరిపోవడం లేదు, దీపం వెలిగించే మనిషి నిచ్చెన భుజాన వేసుకుని తిరగక్కర్లేదు. నెల తిరిగేసరికి బిల్లు మాత్రం కట్టాలి. బోర్డులకు అది కొత్త తలనొప్పి.

రోగాల విషయంలోనూ మైసూరు ముందడుగు వేసింది. 1920ల చివర్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో ప్రజారోగ్య పనులు మొదలయ్యాయి. మలేరియా దోమ ఏ గుంటలో పుడుతోంది, కొంకిపురుగు ఎలా పాకుతోంది అన్నది శాస్త్రీయంగా చూడటం అప్పుడే మొదలైంది. ఊరి మోరీకీ, ఇంట్లో జ్వరానికీ ఉన్న లంకె బోర్డు సభ్యులకు తెలిసివచ్చిన కాలం అది.

డబ్బు ఎక్కడిది?

అసలు ప్రశ్న ఇదే. మైసూరు సంస్థానం ఏటా బ్రిటిష్ ప్రభుత్వానికి కప్పం కట్టేది. 1799లో టిప్పు పతనం తర్వాత మొదలైన 24.5 లక్షల రూపాయల కప్పం తర్వాతి కాలంలో 35 లక్షలకు పెరిగింది. మీర్జా దివాన్ అయ్యాక 1920ల చివర్లో అందులో 10.5 లక్షలు తగ్గించారు. మిగిలిన 24.5 లక్షలూ తీసేయాలని ఆయన పట్టుబట్టారు. 1930 నుంచి లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లినప్పుడు కూడా సంస్థానాల హక్కులతో పాటు ఈ మాట మరిచిపోలేదు. ఆ డబ్బు సంస్థానంలోనే ఉంటే ఎన్ని ఊళ్లకు నీళ్లు, దీపాలు వచ్చేవో లెక్క వేసుకోవచ్చు.

ఇంకో దారి పరిశ్రమలు. 1933లో మండ్య చక్కెర కంపెనీ, ఆ తర్వాత భద్రావతిలో కాగితం, సిమెంటు, బెంగళూరులో పింగాణీ. కొన్నింట్లో సర్కారు పెట్టుబడి, కొన్నింట్లో జనం వాటాలు. ప్రైవేటు డబ్బు భయపడి దాక్కున్న కాలంలో సర్కారే ముందుకు వచ్చి నిలబడటం చిన్న విషయం కాదు. రైతు అప్పుల కోసం 1929లో భూతనఖా సహకార బ్యాంకు ఏర్పడింది. అయితే పూచీ పెట్టడానికి భూమి ఉన్నవాడికే అది అక్కరకు వచ్చింది. కౌలుదారుకు, కూలీకి షావుకారే గతి.

మూడోది గనులు. బంగారం ధర పెరిగితే సర్కారుకు వచ్చే రాయల్టీ కూడా పెరుగుతుంది. ఊళ్లు ఎండిన కాలంలో మైసూరు ఖజానాను ఆదుకున్న వాటిలో కోలారు మట్టి కింది బంగారం ఒకటి. ఆ బంగారం మీద నిలబడిన జిల్లాకే అందులో ఎంత తిరిగొచ్చిందన్నది అప్పటి నుంచీ జిల్లా జనం అడుగుతున్న ప్రశ్న.

గనుల ఊరి బోర్డు

బంగారు గనుల్లో వ్యవహారం ఇంకా వేరు. అక్కడ మామూలు మునిసిపాలిటీ లేదు, శానిటరీ బోర్డు ఉండేది. ప్లేగు భయంతో, ఇరుకు లైన్ల బాధతో 20వ శతాబ్దం మొదట్లో రాబర్ట్‌సన్‌పేటను గీతలు గీసి కట్టారు. రెసిడెంటు రాబర్ట్‌సన్ పేరే దానికి పెట్టారు. పాలారు మీది బేతమంగళ చెరువు నీళ్లు గనులకు వచ్చేవి. కరెంటు 1902లోనే శివనసముద్రం నుంచి వచ్చింది. బెంగళూరు కంటే ముందు ఇక్కడే వెలిగింది. కాకపోతే ఆ వెలుగు మొదట గని యంత్రాలకు, దొరల బంగళాలకు. కార్మికుల తట్టీ గుడిసెలకు కాదు.

ఉత్తర ఆర్కాడు, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన అరవ, తెలుగు కూలీలే గనులకు బలం. బంగారం దొంగతనం ఆపాలనే పేరుతో కార్మికులందరినీ వేలిముద్రలతో రిజిస్టరు చేయాలని చూశారు. 1930లో దీనికి ఎదురుతిరిగి కార్మికులు పెద్ద సమ్మె చేశారు. నేరస్థుల దగ్గర తీసుకునే వేలిముద్ర తమ దగ్గర తీసుకోవడం వాళ్లకు అవమానంగా తోచింది. జీతం కోసం కాదు, మర్యాద కోసం గనులు ఆగిపోయాయి.

ఈ సమ్మె మీర్జా పాలనలోని ఒక లోటును బయటపెట్టింది. నీళ్లు, దీపాలు, రోడ్లు ఇవ్వడం దివాన్‌కు బాగా తెలుసు. ఆ నీళ్లు తాగే మనిషి నోరు తెరిచి అడగడం మొదలుపెడితే ఏం చేయాలన్నదే చిక్కు.

తాళం చెవి ఎవరి దగ్గర?

దసరాకు మైసూరులో ప్రజా ప్రతినిధి సభ జరిగేది. 1881లో మొదలైన ఈ సభకు తాలూకాల నుంచి సభ్యులు వెళ్లేవాళ్లు. దివానే అధ్యక్షుడు. ఒకరు చెరువు పూడిక గురించి, ఒకరు కందాయం మినహాయింపు గురించి, ఇంకొకరు ఊరి ఆస్పత్రికి డాక్టరు లేడని చెప్పుకునేవాళ్లు. మీర్జా ఓపికగా వినేవారని పేరు. చాలా వాటికి జవాబు కూడా దొరికేది. కానీ అది అడిగే సభ, నిర్ణయించే సభ కాదు. బడ్జెటు మీద ఆఖరి మాట సర్కారుదే. మంత్రులను దించే అధికారం సభకు లేదు.

ఊరి బోర్డుల్లోనూ అదే తీరు. దీపం స్తంభం ఎక్కడ పాతాలో బోర్డు చెప్పొచ్చు. పన్ను ఎంత, జీతం ఎంత, అప్పు తెచ్చుకోవచ్చా అంటే పైకి రాయాలి. పై నుంచి అనుమతి వచ్చే దాకా ఆగాలి. ఇల్లు కట్టించి, సున్నం వేయించి, దీపం పెట్టి, తాళం చెవి మాత్రం పెద్దాయన తన దగ్గరే ఉంచుకున్నట్టు.

అయినా ఈ బోర్డుల్లో కూర్చున్నవాళ్లు ఊరికే కూర్చోలేదు. లెక్కలు చదవడం నేర్చుకున్నారు. అధికారిని ప్రశ్న అడగడం నేర్చుకున్నారు. సర్కారు ఖర్చులో తమ ఊరి వాటా ఎంతని అడగడం నేర్చుకున్నారు. మోరీ గురించి మొదలైన మాట మెల్లగా అధికారం దాకా పోయింది.

ఆ మాటను ముందుకు తీసుకెళ్లినవాళ్లలో ఒకరు మన జిల్లా మనిషే. గనులకు దగ్గరలోని క్యాసంబళ్లిలో 1902లో పుట్టిన కె.చెంగలరాయరెడ్డి. న్యాయశాస్త్రం చదివిన ఆయన, మాంద్యం మొదలైన 1930లోనే మరికొందరితో కలిసి ప్రజాపక్షం పెట్టారు. రైతుల బాధలు, బాధ్యతాయుత ప్రభుత్వం అన్నవి దాని రెండు మాటలు. తర్వాత అది ప్రజామిత్ర మండలితో కలిసి ప్రజా సంయుక్త పక్షం అయింది. 1937లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. పట్నం వకీళ్ల కాంగ్రెస్‌కు పల్లె రైతుల పార్టీ తోడైంది. దివాన్‌కు అసలు పరీక్ష అప్పుడు మొదలైంది.

విదురాశ్వత్థం నెత్తురు

మీర్జాకు గాంధీజీ అంటే గౌరవం. గాంధీజీకీ ఆయనంటే అభిమానం. 1927లో ఒంట్లో బాగాలేక గాంధీజీ నంది కొండ మీద విశ్రాంతి తీసుకున్నది మైసూరు అతిథిగానే. 1936లోనూ మళ్లీ వచ్చారు. అప్పుడు నంది కొండ కోలారు జిల్లాదే. ఖద్దరుకు మైసూరు సర్కారే ప్రోత్సాహం ఇచ్చింది. అయితే ఖద్దరు కట్టుకున్నవాడు జెండా పట్టుకుంటే మాత్రం సర్కారు ఊరుకోలేదు.

1938 ఏప్రిల్‌లో మద్దూరు దగ్గర శివపురంలో జెండా సత్యాగ్రహం జరిగింది. ఆ వేడి కోలారు జిల్లా ఉత్తరపు అంచుకు చేరింది. గౌరీబిదనూరు దగ్గర, హిందూపురానికి కూతవేటు దూరంలో, ఉత్తర పినాకిని ఒడ్డున విదురాశ్వత్థం. పెద్ద రావిచెట్టు, జాతర, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఊళ్ల జనం. ఏప్రిల్ 25న నిషేధాజ్ఞలను ధిక్కరించి సభ పెట్టారు. పోలీసులు కాల్పులు జరిపారు. అధికారుల లెక్కలో చనిపోయినవాళ్లు 10 మంది. జనం లెక్క 30 దాటింది. తెలుగు, కన్నడ అన్న తేడా లేకుండా రెండు భాషల ఇళ్లలోనూ ఏడుపులు లేచాయి.

దేశమంతా కలవరపడింది. సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ బెంగళూరుకు వచ్చి మీర్జాతో మాట్లాడారు. ఒప్పందం కుదిరింది. మైసూరు జెండాతో పాటు జాతీయ జెండా ఎగరేయడానికి, కాంగ్రెస్‌ను గుర్తించడానికి సర్కారు ఒప్పుకుంది. కాల్పుల మీద విచారణ సంఘానికి మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి, తెలుగువారైన వేపా రామేశం అధ్యక్షులయ్యారు. బాధ్యతాయుత ప్రభుత్వం మాత్రం రాలేదు. సంస్కరణల సంఘం కూర్చుంది, నివేదిక వచ్చింది, కొన్ని మార్పులు చేశారు. జనం అడిగిందానికీ, వచ్చిందానికీ మధ్య దూరం అలాగే ఉండిపోయింది.

మీర్జా జీవితంలో ఇది చెరిగిపోని మచ్చ. మతం పేరిట మనుషుల్ని వేరుచేసి చూడని పాలకుడని, నిజాయితీపరుడని ఆయన్ని విమర్శించేవాళ్లు కూడా ఒప్పుకునేవాళ్లు. అలాంటి మనిషి కాలంలో, ఆయన తీర్చిదిద్దాలనుకున్న జిల్లాలోనే ఇది జరిగింది. పాలన బాగుంటే చాలదు, పాలనలో తమ మాట కూడా ఉండాలని జనం అనుకున్నప్పుడు దాన్ని వినే ఏర్పాటు లేకపోవడమే దీనికి మూలం.

మైసూరు నుంచి హైదరాబాదుకు

1940 ఆగస్టులో కృష్ణరాజ ఒడెయరు కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు, ప్రభువు, అండ అన్నీ ఒక్కసారే పోయాయి. కొత్త మహారాజు కాలంలో మీర్జా ఎక్కువ రోజులు లేరు. 1941లో రాజీనామా చేశారు.

1942లో జైపూర్ సంస్థానం ఆయన్ని ప్రధానమంత్రిగా పిలిచింది. అక్కడా అదే పని. రోడ్లు వెడల్పు చేయడం, ఊరిని శుభ్రపరచడం, పాత అందం చెడకుండా కొత్త ఊరు పెంచడం. జైపూర్‌లో అందరూ ఎం.ఐ.రోడ్డు అని పిలిచే పెద్ద బజారు మీర్జా ఇస్మాయిల్ రోడ్డే.

1946 ఆగస్టులో హైదరాబాదు నిజాం దగ్గర ప్రధానమంత్రి అయ్యారు. అక్కడ దీపాలు, తోటల గురించి ఆలోచించే తీరిక దొరకలేదు. దేశం రెండు ముక్కలు కావడం ఆయనకు ఇష్టం లేదు. భారతదేశంతో సర్దుబాటు చేసుకోవడమే హైదరాబాదుకు మంచిదని ఆయన అభిప్రాయం. ఇత్తెహాద్ వర్గానికి అది నచ్చలేదు. నిజాం అండ కూడా దొరకలేదు. 1947 మేలో తప్పుకున్నారు. తర్వాత ఏడాదిన్నరలో ఏం జరిగిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయన మాట విని ఉంటే ఎంత రక్తపాతం తప్పేదో అని తర్వాత అనుకున్నవాళ్లు చాలామంది.

అదే 1947లో మైసూరులో చివరి పోరాటం జరిగింది. సెప్టెంబరులో మైసూరు చలో ఉద్యమం. అక్టోబరు 25న క్యాసంబళ్లి చెంగలరాయరెడ్డి మైసూరు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఊరి బాధలు చెప్పుకోవడానికి దివాన్ ముందు నిలబడిన జిల్లా నుంచే ఒక మనిషి దివాన్ కచేరీలోకి నడిచి వెళ్లారు. ఆయన తర్వాత కేంద్రమంత్రిగా, మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి 1976లో కన్నుమూశారు.

మీర్జా తర్వాత కొంతకాలం ఐక్యరాజ్యసమితి సాంకేతిక సహాయ ప్రతినిధిగా ఇండోనేషియాలో పనిచేశారు. 1954లో తన జీవితకథను ఇంగ్లిషులో పుస్తకంగా తెచ్చారు. 1959 జనవరి 5న బెంగళూరులో చనిపోయారు.

మిగిలిన లెక్క

ఆ రోజుల బౌరింగ్‌పేట ఇప్పుడు బంగారుపేట. ఆ బంగారం మాత్రం ఇప్పుడు లేదు. 2001లో గనులు మూతపడ్డాయి. ప్రతి ఊళ్లో కరెంటు ఉంది. కోలారు చెరువుల్లోకి 2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధి చేసిన నీళ్లు వస్తున్నాయి. ఒకప్పుడు మోరీ గురించి దివాన్ తల పట్టుకున్న నగరం, ఇప్పుడు తన మోరీ నీటితోనే పక్క జిల్లా చెరువులు నింపుతోంది. ఆ నీళ్లు మంచివా కాదా అన్న వాదన కూడా జిల్లాలో సాగింది. ఆ వాదన బహిరంగంగా సాగడమే 1930లకూ ఇప్పటికీ ఉన్న తేడా.

ఓటు ఇప్పుడు పన్ను కట్టేవాడి సొత్తు కాదు. ఇల్లు లేనివాడికీ ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ సవరణతో పంచాయితీలకూ, మునిసిపాలిటీలకూ ఐదేళ్లకోసారి ఎన్నికలు జరగాలన్నది చట్టం. మహిళలకు, దళితులకు, గిరిజనులకు సీట్లు ఉన్నాయి. తాళం చెవి పేరుకు జనం చేతికి వచ్చింది. కానీ గల్లాపెట్టె నిండాలంటే మునిసిపాలిటీ ఇప్పటికీ పైనుంచి వచ్చే గ్రాంటు కోసమే ఎదురుచూడాలి. ఇంటి పన్ను వసూలు చేయాలంటే ఇప్పటికీ సభ్యుడికి మొహమాటమే.

మీర్జా ఇస్మాయిల్ జీవితం నుంచి చిన్న ఊళ్ల బోర్డులు నేర్చుకోవలసినవి రెండు ఉన్నాయి. డబ్బు లేని ఏడాది కూడా మోరీ కడిగించాలి, దీపం వెలిగించాలి, మంచినీళ్లు ఇవ్వాలి. ఇది ఆయన చేసి చూపించినది. ఆ పని ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లను కూర్చోబెట్టి అడిగి చేయాలి. ఇది ఆయన చేయలేకపోయినది. విదురాశ్వత్థం దగ్గర పడిపోయినవాళ్లు అడిగిందీ అదే.